రంగం ఓడలు ఆగిన ఊళ్ళ వెంట

మొన్న అటక మీద సామాన్లు దించి సర్దుతుంటే ఒక పాత బిస్కెట్ డబ్బాలో నాలుగు చిన్న మాత్రల సీసాలు దొరికాయి. నాలుగింట్లోనూ ఇసుక. ఒక్కో దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద మా ఆయన చేతిరాత: భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపూర్. బారువ అని రాసిన సీసా సగానికి పైగా ఖాళీ. ఆ సీసా ఎలా ఖాళీ అయిందో నాకు తెలుసు, చివర్లో చెప్తాను. అవి పట్టుకుని అటక నిచ్చెన కిందే కూర్చుండిపోయాను, సర్దడం ఆ రోజుకి అంతే.

2013 ఫిబ్రవరి. మాకు పెళ్ళయి పదకొండు నెలలు. పెద్దవాళ్ళు చూసి చేసిన పెళ్ళి, ఇద్దరం మంచివాళ్ళమే, గొడవల్లేవు, కానీ మాటలు కూడా పెద్దగా లేవు. విశాఖలో రెండు గదుల ఇల్లు, మామగారు, మా ఆయన నాయనమ్మ, మేమిద్దరం. పొద్దున్న ఆయన బ్యాంకుకి, నేను స్కూలుకి, సాయంత్రం వచ్చాక కూరలు, టీవీ, మామ్మగారి మందులు. ఒకరోజు రాత్రి ఆయన ఉన్నట్టుండి "నాలుగు రోజులు సెలవు పెట్టగలవా, సముద్రం వెంట గోపాలపూర్ దాకా వెళ్దాం" అన్నారు. నేను సరదా ప్రయాణం అనుకున్నాను. సరదా ఉంది, కానీ అసలు సంగతి వేరే.

ఆ సంగతి మామ్మగారిది. ఆవిడ తండ్రి రంగం వెళ్ళాడు. ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు, రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో మన వైపు కూలికి, మిల్లు పనికి, రేవు పనికి జనం బర్మా ఓడ ఎక్కేవాళ్ళు, ఇంటికొకరు వెళ్ళిన ఊళ్ళు ఉన్నాయి. మామ్మగారికి అప్పుడు నాలుగైదేళ్ళు. అమ్మ చంకలో ఉండి తండ్రిని సాగనంపడం ఒక్కటే ఆవిడకి గుర్తు. ఒడ్డున పడవ, పడవలోంచి దూరంగా ఉన్న పెద్ద ఓడ దాకా వెళ్ళాలి, పక్కన ఏరు వచ్చి సముద్రంలో కలుస్తోంది, ఒక దీపస్తంభం ఉంది, ఇసుక కాళ్ళు కాలుతోంది. ఏ ఊరి రేవో మాత్రం తెలీదు. వాళ్ళ ఊరు టెక్కలి దగ్గర పల్లె. అక్కణ్ణించి కళింగపట్నమూ వెళ్ళొచ్చు, బారువా వెళ్ళొచ్చు. భీమిలి, గోపాలపూర్ కొంచెం దూరం, అయినా బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. బర్మా వెళ్ళే స్టీమర్లు ఈ చిన్న రేవులన్నిట్లో ఆగేవి. పైగా ఈ ఊళ్ళన్నిట్లో దీపస్తంభం ఉంది. భీమిలిలో గోస్తని, కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, ఏరు కూడా ఉంది. ఆవిడకి గుర్తున్న గుర్తులు ఏ ఊరికైనా సరిపోతాయి.

"నాయనమ్మకి ఎనభై దాటాయి, ఒకసారి అన్నీ చూసి వచ్చి చెప్తే ఏదో గుర్తొస్తుందేమో" అన్నారు ఆయన. అదీ మా ప్రయాణం.

మాది సెకండ్ హ్యాండ్ మారుతి 800, ఏసీ లేదు, కిటికీ అద్దాలు దించుకుని పోవడమే. ఫోన్లు మామూలు బటన్ ఫోన్లు. దారికి ఒక రోడ్డు మ్యాపు పుస్తకం, లేదంటే టీ కొట్టు దగ్గర ఆగి అడగడం. బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటేసరికి ఎండ సముద్రం మీద పడి కళ్ళు తెరవనివ్వలేదు. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా కుడివైపు నేను కూర్చుని ఉంటే... కాదు, కుడివైపు డ్రైవరు, నేను ఎడమ. సముద్రం ఆయన వైపు. నాకు సముద్రం ఆయన మొహం పక్కనుంచి కనిపించేది. ఆ నాలుగు రోజులూ దాదాపు అలాగే చూశాను, ముందు ఆయన చెంప, చెవి, స్టీరింగు మీద చెయ్యి, వాటి వెనకాల నీలం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం మట్టి ఎర్రదనం చూడాలని కారాపి దిగాం. ఆ ఎరుపు చెప్పుల అంచులకి అంటుకుని గోపాలపూర్ దాకా వచ్చింది.

భీమిలి మాకు కొత్త ఊరు కాదు, విశాఖ వాళ్ళందరికీ అది ఆదివారం ఊరే. కానీ ఆ రోజు వేరే కళ్ళతో చూశాం. డచ్చివాళ్ళ సమాధుల తోట, గంట స్తంభం, దీపస్తంభం, గోస్తని వచ్చి కలిసే చోటు. ఒకప్పుడు ఈ రేవు నుంచి గోగునార ఎంత ఎగుమతయ్యేదంటే బయట దేశాల్లో దానికి బిమ్లీ జనుము అని ఈ ఊరి పేరే పడింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు రేవు లేదు, తెప్పలు, వలలు ఆరేసుకునే జనం, ఐస్‌క్రీం బండి. ఆయన ఏటి మొగ దగ్గర వంగి చిటికెడు కాదు, పిడికెడు ఇసుక తీసి జేబులోంచి మాత్రల సీసా తీసి పోశారు. "ఇదేంటండీ?" అన్నాను. "నాయనమ్మకి కళ్ళు సరిగ్గా కనబడవు కదా. ఫొటోలు ఏం చూస్తుంది?" అన్నారు. నాకు అప్పుడే మొదటిసారి అనిపించింది, ఈ మనిషి గురించి నాకేం తెలీదు అని.

ఇక్కడో సంగతి చెప్పాలి. మ్యాపులో చూస్తే ఈ ఊళ్ళన్నీ ఒకే గీత మీద పూసల్లా ఉంటాయి. తీరా వెళ్తే ఒడ్డు వెంట నేరుగా పోయే దారి లేదు. ప్రతి ఊరి పక్కనా ఏదో ఒక ఏరు అడ్డం. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా. అందుకని ప్రతిసారీ సముద్రం దగ్గరికి వెళ్ళడం, చూడటం, మళ్ళీ లోపలికి హైవే దాకా రావడం, వంతెన దాటడం, ఇంకో పక్క రోడ్డు పట్టుకుని మళ్ళీ సముద్రం దగ్గరికి వెళ్ళడం. ఐదో నంబరు హైవేకి అప్పటికే పదహారు నంబరు ఇచ్చేశారు గానీ అడిగితే అందరూ ఐదనే చెప్పేవాళ్ళు. ప్రతి పక్క రోడ్డులోనూ ఒకటే వరస. ముందు వరి కోసిన పొలాలు, తర్వాత తాటిచెట్లు, తర్వాత సరుగుడు తోటలు, సరుగుడు తోటలో గాలి చప్పుడు మొదలైందంటే ఇంక కిలోమీటరే. ఆ చప్పుడూ అలల చప్పుడూ ఒకలాగే ఉంటాయి, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో తెలీదు. ఆ చప్పుడు వినగానే ఇద్దరం ఒకేసారి "వచ్చేసింది" అనేవాళ్ళం.

మొదటి రోజు మధ్యాహ్నం శ్రీకూర్మం వెళ్ళాం. రెండు ధ్వజస్తంభాలున్న గుడి, స్వామి తాబేలు రూపంలో ఉంటాడు. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఆకుకూర నములుతూ తిరుగుతున్నాయి. చాలాసేపు కూర్చున్నాం. రాత్రికి శ్రీకాకుళంలో లాడ్జి, దాని గురించి చెప్పడానికేం లేదు.

రెండో రోజు తెల్లవారుజామునే కళింగపట్నం. ఇది మాత్రం నేను ఎన్నేళ్ళయినా మర్చిపోలేను. మేం వెళ్ళేసరికి ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. చూడనివాళ్ళకి చెప్తాను. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో పెద్ద అర్ధచంద్రంలా వేసి వస్తారు, రెండు చివర్లకీ ఉన్న పొడుగాటి తాళ్ళు ఒడ్డున రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. లాగుతూ లాగుతూ రెండు గుంపులూ మెల్లిగా ఒకరికొకరు దగ్గరవుతారు. పదిహేను, ఇరవై మంది, ఆడవాళ్ళూ ఉన్నారు. మేం పక్కన నిలబడి చూస్తుంటే ఒక ముసలాయన "ఏటి బాబూ, అలా సూస్తన్నారు, రండి, ఓ సెయ్యి ఎయ్యండి" అన్నాడు. మా ఆయన పది మందిలో మాట్లాడటానికే మొహమాటపడే మనిషి. ఒక్క క్షణం నా వైపు చూశారు, చెప్పులు విప్పి ప్యాంటు మడిచి వెళ్ళి తాడు పట్టుకున్నారు. నేనూ చున్నీ నడుముకి చుట్టుకుని ఆయన వెనక తాడు అందుకున్నాను.

తడిసిన తాడు. పీచు పైకి లేచి ముళ్ళలా గుచ్చుకుంటుంది. ఉప్పునీళ్ళు మోచేతుల దాకా కారతాయి. రెండు నిమిషాల్లో నా అరచేతులు మండిపోయాయి. ముసలాయన వెనక్కి తిరక్కుండానే "సేతుల్తో కాదమ్మా, ఒంటితో లాగాల" అన్నాడు. అంటే చేతులు బిగించి శరీరం మొత్తం వెనక్కి వాల్చాలి, మడమలు ఇసుకలో దిగాలి. అలా వాలినప్పుడు ఒక్కోసారి ముందున్న ఆయన వీపు నాకు తగిలేది. ఎవరో ఒకరు ఒక కేక అందుకుంటే అందరూ దానికి బదులిచ్చి ఒకేసారి లాగుతారు. కాసేపటికి ఆయన గొంతు కూడా ఆ కేకలో వినబడింది. పదకొండు నెలల్లో ఆ మనిషి గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు.

గంట దాటాక వల సంచి ఒడ్డుకొచ్చింది. నెత్తళ్ళు, వెండి పొడి పోసినట్టు. కొన్ని కానాగంతలు, నాలుగు పీతలు. "ఇయ్యాల తక్కువే" అన్నారు వాళ్ళు. మాకు రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళు ఇస్తామన్నారు, ఎక్కడ వండుకోం అని దండం పెట్టాం. వంశధార కలిసే చోటుకి నడిచి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. అక్కడి ఇసుకలో నల్లటి చారలుంటాయి, ఇనుపరజను లాంటి బరువైన ఖనిజాలు అల కడిగి వదిలేసినవి. ఆ నల్ల చార మీద కాలు పెడితే చురుక్కుమంటుంది, పక్క తెల్ల ఇసుక కంటే బాగా ఎక్కువ. ఆయన టక్కున ఆగారు. "ఇసుక కాళ్ళు కాలుతోంది అని నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది" అన్నారు. ఇద్దరం చెప్పులు చేతిలో పట్టుకుని ఆ చార మీదే కాసేపు నిలబడ్డాం, కాలగలిగినంతసేపు. ఆ ఇసుకే రెండో సీసాలో ఉంది, నలుపు పైన తేలి.

సాలిహుండం కొండెక్కాం, పాత బౌద్ధ స్తూపాలు, పైనుంచి వంశధార మెలికలు కనబడతాయి. తర్వాత మళ్ళీ హైవే, మడపాం దగ్గర వంశధార వంతెన. ఆ వంతెన మీద ఆయన చెప్పారు. అమ్మ పోయినప్పుడు ఆయనకి ఆరేళ్ళు. ఆ తర్వాత రోజూ నాయనమ్మ పక్కన పడుకునేవాడట. నిద్రపట్టక ఏడుస్తుంటే ఆవిడ కథలేవీ రావని ఈ ఒక్క సంగతే చెప్పేదట. మా అయ్య ఓడెక్కాడు, నేను చెయ్యూపాను, ఆయన ఊపాడో లేదో కనబళ్ళేదు అని. రోజూ అదే. 1942లో జపాను వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు ఆ తండ్రి వేలమందితో పాటు కాలినడకన అడవులు దాటి వచ్చాడు, వచ్చి ఎన్నో ఏళ్ళు బతికాడు, కానీ ఏ రేవులో ఎక్కావు అని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదట. "ఎందుకడగలేదు అంటే, తిరిగొచ్చాడు కదా ఇంకెందుకులే అనుకున్నా అంటుంది" అన్నారు. అత్తగారి ఫొటోకి నేను రోజూ దీపం పెట్టేదాన్ని. ఆవిడ పోయినప్పుడు ఈయనకి ఎన్నేళ్ళో నేనూ అడగలేదు. కారు నడుపుతుంటే మాట్లాడటం ఆయనకి తేలికని అప్పుడే కనిపెట్టాను, మొహం చూడక్కర్లేదు కదా. ఇప్పటికీ ఏదైనా పెద్ద విషయం మాట్లాడాలంటే నేను "అలా కార్లో వెళ్ళొద్దామా" అంటాను.

పలాస దాటాక ఉద్దానం. ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు, 2013లో చూసినవాళ్ళకి ఆ మాట మీద అనుమానం రాదు. రోడ్డు మీద ఆకాశం కనబడదు, రెండు వైపులా కొబ్బరి, దాని కింద జీడిమామిడి, మధ్యలో పనస. జీడి పూత మీద ఉంది, ఆ వాసన కొంచెం తియ్యగా, కొంచెం వగరుగా, అద్దాలు దించుకున్న కారు నిండిపోయింది. బారువ దగ్గర పడ్డాక సముద్రం ఇటే కదా అని ఒక సన్న దారిలోకి తిప్పాం, తిప్పిన వంద గజాల్లోనే ముందు చక్రాలు ఇసుకలో దిగిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగుతోంది. చీకటి పడుతోంది, నాకు టెన్షన్. తోటలోంచి ఒక బాబాయి, ఆయన ఇద్దరు కొడుకులు వచ్చారు. ఏమీ అడగలేదు, చక్రాల కింద చేత్తో ఇసుక తోడి ఎండు కొబ్బరి మట్టలు నాలుగు అడ్డంగా పేర్చారు, వెనక నుంచి తోస్తే కారు మట్టల మీద పటపటమంటూ ఎక్కి వచ్చేసింది.

"ఈ ఏళప్పుడు ఏటికెల్తారు, ఇక్కడే పడుకోండి" అని ఇంటికి తీసుకెళ్ళారు. పిన్నిగారు వంకాయ, ఎండురొయ్యలు వేసి కూర చేసి వేడన్నం పెట్టింది. మంచినీళ్ళు అడిగితే ఇవ్వలేదు, కొబ్బరిబోండాలు కొట్టించింది. "మా నీల్లు మీకొద్దమ్మా" అంది. బాబాయి తమ్ముడికి కిడ్నీలు పాడై డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు విశాఖ వెళ్తున్నాడు. ఆ వైపు ఎన్ని ఇళ్ళల్లో అదే జబ్బో అందరికీ తెలుసు. అంత పచ్చటి తోటలో కూర్చుని ఆ మాట వినడం... అన్నం ముద్ద గొంతు దిగలేదు నాకు. రాత్రి అరుగు మీద చాప వేశారు. కొబ్బరాకుల మధ్య నుంచి చుక్కలు. ఇద్దరం చాలాసేపు మేలుకునే ఉన్నాం, ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

తెల్లారకముందే బాబాయి లేపి బారువ ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఇసుక మీద నీళ్ళలోంచి పైకి ట్రాక్టరు టైరు పోయినట్టు ఒక అచ్చు, కొంచెం పక్కన మళ్ళీ నీళ్ళలోకి ఇంకో అచ్చు. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళింది. ఒక్కోటి నూరు, నూటపది దాకా పెడుతుంది, పూడ్చి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూడదు, యాభై రోజుల అటూ ఇటూగా పిల్లలు వాటంతట అవే సముద్రం వెతుక్కుంటాయి. వలలో పడితే దండం పెట్టి వదిలేస్తాం అన్నాడు బాబాయి, మొదటి రోజు చూసిన శ్రీకూర్మం గుర్తొచ్చింది. మహేంద్రతనయ కలిసే దగ్గర ఇసుక తీస్తుంటే సూర్యుడు వచ్చాడు. ఏటి నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యలో నురగ గీత. ఈసారి సీసా నేను పట్టుకున్నాను, ఆయన పోశారు.

మందసలో కోవా కొనుక్కుని ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోకి వెళ్ళాం. మామ్మగారి తండ్రి వెళ్ళిన రోజుల్లో ఇది సరిహద్దే కాదు, 1936 దాకా బరంపురం, గోపాలపూర్, మన టెక్కలి అన్నీ ఒకే గంజాం జిల్లా. అందుకేనేమో గోపాలపూర్‌లో మేం తెలుగులో అడిగితే అంతా తెలుగులోనే జవాబిచ్చారు. పాత రేవు గోడలు మొండిగా నిలబడి ఉన్నాయి, దీపస్తంభం, ఒడ్డున పాత బంగళాలు. ఎండ ఫెళ్ళుమంటోంది, నీళ్ళు గాజుముక్కల్లా మెరుస్తున్నాయి. అక్కడ శంఖాలమ్మే కుర్రాడి చేత ఫొటో తీయించుకున్నాం. ఆ ప్రయాణంలో మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో అదొక్కటే. ఇద్దరం కళ్ళు చికిలించుకుని ఉంటాం, ఆయన చెయ్యి నా భుజం మీద ఉంటుంది. పెళ్ళి ఆల్బంలో ఫొటోగ్రాఫర్ పెట్టమంటే పెట్టిన చెయ్యి కాదు అది.

ఆ అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటేడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది, మేం రోజూ నడిచిన బీచ్ రోడ్డు ముక్కలైంది, రుషికొండ చెట్లన్నీ మోడులయ్యాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ. అది నేరుగా ఉద్దానం మీదే. వారం పాటు బాబాయి ఫోన్ కలవలేదు. కలిశాక "మేం బాగానే ఉన్నామమ్మా, సెట్లే పడుకున్నాయి" అన్నాడు. చెట్లు పడిపోయాయి అనలేదు, పడుకున్నాయి అన్నాడు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు, ఆ పెద్ద చెట్లంత అవ్వాలంటే ఇంకెన్నేళ్ళో. మేం పడుకున్న అరుగు మీద ఇప్పుడు ఆకాశం మొత్తం కనబడుతుందట.

నాలుగో రోజు రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరాం. మామ్మగారు పడుకోలేదు. మంచం మీద కూర్చునే ఉన్నారు. ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూర్చుని చెయ్యి చాపమన్నారు, భీమిలి ఇసుక అరచేతిలో పోశారు. ఆవిడ బొటనవేలితో మెల్లిగా నలిపి "ఇదే నాయనా" అన్నారు. ఆయన నా వైపు చూశారు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ సీసాలోకి దులిపి కళింగపట్నం ఇసుక పోశారు. మళ్ళీ నలిపారు. "ఇదే" అన్నారు. అదీ సీసాలోకి దులిపి బారువది పోశారు. ఈసారి ఆవిడ నలపలేదు. ఏమీ అనలేదు. గుప్పిట మూసుకున్నారు.

ఆయన నాలుగో సీసా మూత తీసి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. మామ్మగారు గుప్పిట విప్పలేదు. అలాగే నిద్రపోయారు.